అరుగు ఎవరిదైతే పులులు వాళ్ళవి

పోయిన నెల పుంగనూరు నుంచి సుబ్రమణ్యం ఫోన్ చేశాడు. ఒకప్పుడు మాదైన ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది అతనే. వాళ్ళ నాన్న చిన్నప్ప మా దగ్గర ఆ ఇల్లు కొన్నాడు. వీధి వెడల్పు చేస్తున్నారనీ, ముందరి అరుగు పోతుందనీ, అరుగు మీది నల్లబండను మాత్రం పగలగొట్టనీయకుండా ఊడదీయించి పక్కన పెట్టించాననీ చెప్పాడు. "ఆ బండ మీది సార్. మా నాయన ఉండి ఉంటే మీకే పంపించుండును. కాదనద్దండి" అన్నాడు. ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తామంటే కాదనడం మా ఇంట్లో ఉగ్గుతో పాటు పోసిన అలవాటు. రెండేళ్ళ కిందట అతను పంపిన మామిడిపండ్ల బుట్టను వచ్చిన బస్సులోనే తిప్పి పంపించాను. అందుకు ఇప్పటికీ నొచ్చుకోవడం లేదు. కానీ బండ విషయంలో ఆ మాట నోటికి రాలేదు. "పంపించు" అన్నాను.

ఫోన్ పెట్టేసి బీరువా తెరిచాను. మా జేజి, అంటే మా నాన్నమ్మ, పట్టుచీరలు చుట్టిన మూట కింద ఒక చిన్న గుడ్డసంచి ఉంది. అందులో ఉన్నది రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని ఆడే ఆటల మిషను. నల్లది, మధ్యలో తెర, ఎడమ పక్కన బాణం మీటలు, కుడి పక్కన గుండ్రటి మీటలు. నేను ఇంజనీరింగు చదివే రోజుల్లోనే అది పాతది. ఇప్పుడు బ్యాటరీ ఉబ్బి వెనక మూత పూరీ లాగా పైకి లేచింది. మీటల సందుల్లో కుంకుమ మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది. ఆయుధపూజ నాడు జేజి పెట్టిన బొట్టు అది. మా ఇంట్లో ఒకప్పుడు ఆ పూజకు రెండు కత్తులు, ఒక తుపాకి, జట్కా బండి చక్రాలు, లెక్కలేనన్ని కొడవళ్ళు వరుసగా పెట్టేవాళ్ళట. నా ఎరుకలో ఒక కత్తి, ఒక మోటారు స్టార్టరు పెట్టె ఉండేవి. నేను దాన్ని తెచ్చిన ఏడాది కత్తి పక్కన ఈ మిషను కూర్చుంది.

పుంగనూరులో మా ఇంటి ముందర అరుగు ఇంటి వెడల్పంతా ఉండేది. దాని నడుమ పరిచిన నల్లబండ మీద పులిమేక గళ్ళు చెక్కి ఉండేవి. ఎవరు చెక్కించారో మా తాతకు కూడా తెలియదు, ఆయన్ని జేజినాయన అనేవాళ్ళం. కొండ ఆకారంలో గీతలు, గీతలు కలిసే చోట్ల చిన్న గుంటలు. ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని తినాలి. మేకలన్నీ కూడి పులులకు కదలడానికి దారి లేకుండా కట్టేయాలి. ఆట అందరికీ తెలిసిందే. మా వీధిలో మాత్రం దానికి ఒక కట్టుబాటు ఉండేది: అరుగు ఎవరిదైతే పులులు వాళ్ళవి. వచ్చిన మనిషి, ఎంతటివాడైనా, మేకలు కాయాల్సిందే. మా ఇంటికి వచ్చిన కోర్టు అమీనా మేకలు కాశాడు, వియ్యంకులు కాశారు, ఒకసారి ఒక మఠం స్వామి కూడా కాశాడని జేజి చెప్పేది. మా జేజినాయన వేరే వాళ్ళ అరుగు మీద కూర్చునే మనిషి కాదు. కాబట్టి ఆయన జీవితంలో మేకను చేత్తో ముట్టింది లేదు, తిని పక్కన పెట్టడానికి తప్ప.

ఆయనతో రోజూ ఆడే మనిషి చిన్నప్ప. బజారులో బెల్లం, చింతపండు మండీ ఆయనది. సాయంత్రం అంగడి కొడుకు చేతిలో పెట్టి, ముఖం కడుక్కుని, నుదుట విభూతి పెట్టుకుని వచ్చేవాడు. ఎంత కడుక్కున్నా ఆయన వెంట బెల్లం వాసన వచ్చేది. జేబులోంచి గుప్పెడు చింతగింజలు తీసి బండ అంచున పోసేవాడు. అవే మేకలు. పులులు మావి, ఎర్రరాయి ముక్కలు మూడు, గూట్లో ఉండేవి. జేజినాయన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇస్త్రీ పంచె మార్చేవాడు. సాయంత్రం పంచె చిన్నప్ప కోసం. ఆడుతున్నంత సేపూ వాళ్ళు ఆట గురించే తిట్టుకునేవాళ్ళు. "ఏమి రెడ్డెప్పా, మీ పులి ముసలిదైపాయ, పక్కనుండే మేక కనపళ్ళేదా?" "నీ మేకలు బెల్లం తిని బలిసినాయి చిన్నప్పా, నా పులికి అరగవు." నేను వాకిట్లో కూర్చుని ఎక్కాలు అప్పజెబుతూ వింటుండేవాడిని. నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం కాబట్టి నేను జేజి దగ్గరే పెరిగాను. లోపల జేజి సంగటి గెలికే చప్పుడు, రాగిపిండి ఉడికే వాసన, బయట బెల్లం వాసన, చింతగింజ బండ మీద పడే టక్కుమనే చప్పుడు. సాయంత్రం అంటే నాకు ఇప్పటికీ అదే.

మా కుటుంబం ఎట్లా చితికిందో చెప్పడం నాకు ఇష్టం లేదు, చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు కూడా. సోమల పక్క మా పొలాల్లో వేసిన బోర్లు వేసినట్టే ఎండిపోయాయి. పొలం పోయాక ఇల్లు మిగిలింది, ఆ తరవాత ఇల్లూ నిలవలేదు. చాలా మంది అడిగినా జేజినాయన చిన్నప్పకే అమ్మాడు. తెలిసిన మనిషని కాదు, బేరమాడకుండా కొంటాడని. రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగుతుంటే చిన్నప్ప ఆయన పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు: "అరుగు అట్లే ఉంటాది రెడ్డెప్పా. సాయంత్రం రా." ఆ మాటలో ఏ కల్మషమూ లేదని అక్కడున్న నాకే తెలిసింది. జేజినాయన చేతులు జోడించి, పైగుడ్డ సర్దుకుని, వెనక్కి చూడకుండా నడిచాడు. సాయంత్రం వెళ్ళలేదు. మర్నాడే మేము మదనపల్లెకు అద్దె ఇంటికి మారాము.

మదనపల్లె ఇల్లు టమోటా మార్కెట్టుకు వెళ్ళే దారిలో ఉండేది. పంట కాలంలో వీధంతా టమోటా వాసన. పచ్చిదీ, మాగిందీ, చితికి కుళ్ళిందీ కలిసి ముక్కుకు పట్టేది. జేజినాయన నాలుగింటికి లేచి, చన్నీళ్ళు పోసుకుని, సొంతంగా గడ్డం గీసుకుని, పంచె కట్టి, వాకిలి ఎదురుగా కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. కుర్చీకి వీపు ఆనించేవాడు కాదు. సాయంత్రం పంచె మార్చడం మానలేదు. ఎవరి కోసం మారుస్తున్నాడో జేజీ నేనూ అడగలేదు. పంచె మార్చి అదే కుర్చీలో కూర్చుని, కుర్చీ చెయ్యి మీద చూపుడువేలుతో గీతలు గీస్తూ ఉండేవాడు. అవి ఏ గీతలో మాకు తెలుసు. బస్సు కండక్టరు మలుపులో "పుంగనూరు, పుంగనూరు" అని అరిస్తే లేచి కిటికీ మూసేవాడు.

ఇరుగుపొరుగు వాళ్ళు ఆటకు పిలిచారు. ఒక రిటైర్డు మాస్టరు చాక్‌పీసుతో మా గడప ముందరే గళ్ళు గీసిస్తానన్నాడు. జేజినాయన మర్యాదగా అడిగాడు: "ఇది అద్దె ఇల్లు గదా అయ్యవారూ. పులులు ఓనరువి. ఓనరేమో బెంగళూరులో ఉండాడు. మనిద్దరం ఏం ఆడేది?" మాస్టరు నవ్వుదామనుకుని ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. నాతో ఆడమని నేనే అడిగాను ఒకసారి. "మనవడిని గెలిచి ఏం చేసేది, ఓడి ఏం చేసేది" అన్నాడు. చిన్నప్ప రెండుసార్లు మనిషిని పంపించాడు. రెండోసారి వచ్చిన మనిషితో జేజినాయన చెప్పింది ఒకే మాట: "ఆడ కూర్చుంటే నేను మేకలు కాయాల. నాకు రాదని చెప్పు." అది నిజం. ఆయనకు రాదు. రాని పని నలుగురి ముందర చేయడం మా వంశంలో లేదు.

నేను కుప్పంలో ఇంజనీరింగులో చేరాక, సెలవులకు ఇంటికి వస్తే జేజి వంటింట్లో గొంతు తగ్గించి చెప్పేది. "ఆయన నోరు మూతబడిపాయ నాయనా. ఉప్పు తక్కువైనా అనడు, ఎక్కువైనా అనడు. ఇట్లే ఉంటే మనిషి దక్కడు. ఒక్కసారి ఆ చిన్నప్ప ముందర కూర్చుంటే తిట్టుకోనైనా తిట్టుకుంటారు." ఆమె అడిగింది అంతే. ఒక్కసారి కూర్చోవాలి. ఇద్దరూ డెబ్బై దాటిన వాళ్ళు. బస్సులో గంట కూడా పట్టని దూరం. ఆ దూరాన్ని దాటించడం ఎట్లాగో నాకు తెలియలేదు.

కుప్పం హాస్టల్లో నా గదిలో ఉండేవాడు మునిరత్నం. రామకుప్పం పక్క పల్లె వాళ్ళది. అడవిలోంచి ఏనుగులు దిగి రాగి చేను తొక్కుతాయని, శనాదివారాలు ఊరికి పోయి మంచె మీద కూర్చుని డబ్బాలు వాయించి వచ్చేవాడు. కంప్యూటరు వాడికి పుట్టుకతో వచ్చినట్టు ఉండేది. అప్పట్లో ఈ చేతి మిషన్లంటే మా వాళ్ళకు పిచ్చి. కొత్తది కొనే శక్తి ఎవరికీ లేదు. నేను ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో, రైల్లో బెంగళూరు పోయి, పాత సామాన్ల బజారులో ఒకటి కొన్నాను. ఆడడానికి కాదు. ఆ చిన్న తెర మీద పులిమేక గళ్ళు గీయవచ్చునని, అందులో ప్రత్యర్థి మనిషి కాడు కాబట్టి జేజినాయనకు ఏ అరుగూ ఎక్కే పని ఉండదని నా ఆలోచన. చిక్కు ఏమిటంటే, ఆ మిషను కంపెనీ ఒప్పుకున్న ఆటలను తప్ప వేరే దేన్నీ నడపదు. మనం రాసిన ప్రోగ్రాము పెడితే ముఖం తిప్పుకుంటుంది. దాన్ని నడిపే అసలు సాఫ్ట్‌వేరు లోపల ఉంటుంది, ఫర్మ్‌వేరు అంటారు. దాన్ని తీసేసి, ఎవరో ఔత్సాహికులు తయారు చేసి నెట్‌లో పెట్టిన కస్టమ్ ఫర్మ్‌వేరు ఎక్కిస్తే అప్పుడు మన మాట వింటుంది. కుప్పం నెట్ సెంటరులో ఆ ఫైలు దిగడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది.

ఆట ప్రోగ్రాము ఇద్దరం కలిసి రాశాం. గళ్ళు నేను గీశాను, బండ మీద ఎట్లా ఉన్నాయో అట్లాగే, ఒక మూల చెక్కుడు కొంచెం వంకర పోయి ఉండేది, ఆ వంకరతో సహా. పులి బుద్ధి మునిరత్నం రాశాడు. అది సులభంగా అయిపోయింది. "పులికి బుర్ర యాల మచ్చా? ఆకలుంటే చాలు. పక్కన మేక ఉండాదా, దాని ఎనక ఖాళీ ఉండాదా, దూకేసేది. లేదంటే యాడో ఒక దిక్కు జరిగేది" అన్నాడు. నాకు కావలసింది అది కాదు. మిషను మేకలు ఆడాలి, జేజినాయన పులులు ఆడాలి. ఎంత గింజుకున్నా అది కుదరలేదు. మేము రాసిన మేకలు ఎక్కడ పడితే అక్కడ కూర్చుని చచ్చేవి. "నా వల్ల కాదప్పా. పదిహేనూ ఒక మాట మీద ఉండాల. మా ఊళ్ళో పదిహేను మంది ఒక మాట మీద ఉండేది నేను యా పొద్దూ సూడలేదు, ఇంగ మేకలకు ఏం నేర్పించేది?" అని చేతులెత్తేశాడు. దసరా సెలవులు వచ్చేశాయి. మిషను పులులు మాత్రమే ఆడగలిగిన ఆటనే మెమరీ కార్డులో వేసుకుని, మునిరత్నాన్ని వెంటబెట్టుకుని మదనపల్లె బయలుదేరాను.

ఫర్మ్‌వేరు ఎక్కించడం ఇంట్లోనే చేశాం. పని చిన్నదే: కార్డులో ఫైలు ఉన్న చోటికి పోయి, మీట నొక్కి, ఊరుకోవాలి. ఎక్కేటప్పుడు మాత్రం కరెంటు పోకూడదు. మధ్యలో ఆగిందంటే మిషను మళ్ళీ లేవదు. పాత బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో మాకు నమ్మకం లేదు కాబట్టి చార్జరు గోడకు పెట్టి ఉంచాలి. మునిరత్నం మధ్యాహ్నం భోజనం కాగానే మొదలుపెడదామన్నాడు. జేజి పంచాంగం చూసి ఇప్పుడు రాహుకాలం, పోయిందాక ముట్టద్దన్నది. "రాహుకాలం పోతే మా ఈదిలో కరెంటు పోతాది గదా జేజీ" అన్నాను. "పోతే పోనీ. రాహుకాలంలో మొదలుపెట్టిన బోరు సూసినాము గదా" అన్నది. ఆ మాటకు ఇంట్లో ఎదురు లేదు. కూర్చున్నాం. రాహుకాలం పోయాక జేజి మిషనుకు బొట్టు పెట్టి, కర్పూరం తిప్పి, నా చేతికిచ్చింది. మీట నొక్కాను. తెర మీద పచ్చగీత మెల్లగా పాకడం మొదలైంది.

జేజినాయన కుర్చీలోంచి చూస్తున్నాడు. చాలా రోజులకు ఆయన నోటి నుంచి ప్రశ్న వచ్చింది. "ఏం చేస్తాండారు?"

మునిరత్నం చెప్పాడు. "కంపెనీ వాడు లోపల పెట్టిన బుద్ధి తీసేసి, మనం చెప్పినట్టు వినే బుద్ధి పెడతాండాము జేజినాయనా."

"ఇది కొనింది ఎవరు?"

"మేమే. దుడ్లిచ్చి కొన్నాము."

"కొన్నాక వాని బుద్ధి లోపల యాల ఉండాల?"

"అదే గదా మేమూ అడిగేది. అమ్మినాక కూడా వాని మాటే చెల్లాలంటాడు."

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. మిషను తెర మాత్రం వెలుగుతూనే ఉంది, బ్యాటరీ గుర్తు ఎర్రగా కొట్టుకుంటోంది. జేజి దేవుడి గూటి వైపు తిరిగింది. "ఎవరూ కదలద్దండి" అన్నాడు జేజినాయన, మా కదలికతో బ్యాటరీ దిగిపోతుందన్నట్టు. పచ్చగీత చివరిదాకా పాకి ఆగింది. తెర నల్లబడింది. కొంచెం సేపటికి మళ్ళీ వెలిగి, కంపెనీ పేరు ఉండాల్సిన చోట వేరే పేరు చూపించింది. మునిరత్నం ముఖం తుడుచుకున్నాడు. జేజినాయన ఎవరితోనూ కాకుండా అన్నాడు: "అమ్మినాక అమ్మినోని బుద్ధి లోపల మిగలకూడదు." ఆయన ఆ మిషను గురించే అన్నాడనుకున్నాను. మునిరత్నం ఇప్పటికీ అట్లాగే అనుకుంటాడు.

కరెంటు వచ్చి బ్యాటరీ నిండాక ఆట తెరిచి ఆయన చేతుల్లో పెట్టాను. ఒక్కో మేక పడినప్పుడల్లా మేక అరుస్తుంది. మునిరత్నం వాళ్ళ పల్లెలో నిజం మేకను ఫోనులో రికార్డు చేసి తెచ్చాడు. పులి గాండ్రింపు మాత్రం వాడి సొంత గొంతు. మొదటి మేక అరుపు వినిపించగానే జేజి పెరట్లోకి పోయి, తులసికోట దగ్గర ఏదైనా దూరిందేమోనని చూసి వచ్చింది. జేజినాయన తెరను కళ్ళకు దూరంగా, దగ్గరగా పెట్టుకుని చూశాడు. గళ్ళను గుర్తుపట్టాడు. వంకర మూల మీద బొటనవేలు ఆగింది. తరవాత పైన ఉన్న మూడు ఎర్రచుక్కలు చూసి, "పులులు దీనివా?" అన్నాడు. మేకలకు ప్రోగ్రాము రాయడం కుదరలేదని, ఇంకో నెల గడువిస్తే ప్రయత్నిస్తామని ఏదో చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గళ్ళు యాడ ఉండాయి?"

"దీని లోపల."

"అంటే ఇది దీని అరుగు. పులులు దీనివే" అన్నాడు. కొంచెం ఆలోచించి, "మనం వచ్చినోళ్ళం" అన్నాడు. మొదటి మేకను ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు కూర్చున్నాడు. పెట్టాడు. అరిచింది. పులి దూకింది. మునిరత్నం గొంతు గాండ్రించింది. ఆ సాయంత్రం ఆయన మేకలన్నీ పోయాయి. ఆ తరవాతి సాయంత్రమూ అంతే. ఆయన మేకలను పులుల లాగా ముందుకు తోసేవాడు. తెగబడి పోయి తెగబడి చచ్చేవి. ఎవరూ చూడడం లేదు కాబట్టి కోపం రాలేదు. మిషను ఎగతాళి చేయదు, జాలిపడదు, బయట చెప్పదు. సాయంత్రం పంచె కట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక కోటీశ్వరుడి ఇంటికి విందుకు పోయినంత మర్యాదగా దాని ముందర ఓడిపోయేవాడు.

నేను కుప్పం వెళ్ళిపోయాక జేజి ఫోనులో చెప్పే సంగతులు మారాయి. "పప్పులో ఉప్పు ఎక్కువైందని అన్నాడు నాయనా" అని ఒక రోజు సంబరంగా చెప్పింది. ఇంకో రోజు ఆయనే ఫోన్ తీసుకుని, "మీ పులి కడుపు చూసి దూకుతాది గానీ ఎనక చూసుకోదు. ఒక మేకను చూపించి రెండు దావలు మూసినాను" అన్నాడు. అంతే చెప్పి పెట్టేశాడు. సంక్రాంతి పోయి వేసవి వచ్చేసరికి పులులను కట్టేయడం ఆయనకు అలవాటైంది. వరుసగా కూర్చోబెట్టడం, వెనక ఖాళీ లేకుండా చూసుకోవడం, తొందరపడకపోవడం. మిషనుకు మేకలాట రాస్తామని మునిరత్నం మళ్ళీ బయలుదేరాడు. జేజినాయన వద్దన్నాడు. "దాని పని దాన్ని చేసుకోనీ" అన్నాడు.

ఆ వేసవిలో ఒక రోజు మధ్యాహ్నం పంచె మార్చుకున్నాడు. ఇంకా సాయంత్రం కాలేదే అని జేజి అన్నది. "బస్సుకు పోవాల గదా" అన్నాడు. నన్ను వెంట రమ్మన్నాడు గానీ చెయ్యి పట్టనీయలేదు. పుంగనూరులో దిగి, మా వీధిలోకి తిరిగినప్పుడు ఆయన నడక మారలేదు, నాదే తడబడింది. అరుగు అట్లాగే ఉంది. చిన్నప్ప దాని మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు, బండకు ఎదురుగా కాదు, పక్కగా. మమ్మల్ని చూసి లేచాడు. ఆయనా ముసలివాడైపోయాడు. "ఎండలో వస్తివే రెడ్డెప్పా" అన్నాడు. "సాయంత్రం రమ్మన్నావు గదా" అన్నాడు జేజినాయన. ఆ రమ్మన్న మాటకు నాలుగేళ్ళు అయింది.

చిన్నప్ప గూట్లోంచి ఎర్రరాళ్ళు మూడూ తీసి తుడిచి, పాత అలవాటున మా వైపు పెట్టాడు. చింతగింజలు తన వైపు లాక్కున్నాడు. జేజినాయన మెట్టు పక్క, వచ్చిన మనిషి కూర్చునే చోట కూర్చున్నాడు. రాళ్ళను వేలితో అవతలికి జరిపాడు. "ఇల్లు నీది. పులులు నీవి."

"నాకు పులులు యాడ వస్తాయి రెడ్డెప్పా? ముప్పై ఏండ్లు మేకలు కాసినోణ్ణి."

"నాకు మేకలు వచ్చినాయి. నువ్వూ నేర్చుకో."

ఆడారు. చూడడానికి ఆ ఆట ఏమంత బాగా లేదు. చిన్నప్ప పులులు మేకల లాగా భయపడుతూ, ఒకదానికొకటి ఒరుసుకుని నడిచాయి. సుబ్రమణ్యం లోపలి నుంచి కాఫీ గ్లాసులు తెచ్చి, పెట్టి, పోకుండా నిలబడ్డాడు. ఆట సగంలో జేజినాయన తప్పు చేశాడు, ఒక గింజ వెనక ఖాళీ వదిలేశాడు. చిన్నప్ప చూశాడు. నేను చూశాను. చిన్నప్ప పులిని వేరే దిక్కుకు జరిపాడు.

జేజినాయన గింజల మీది నుంచి చెయ్యి తీసేశాడు. "ఇది కనపళ్ళేదా నీకు?"

"కనపడింది లే."

"తిను."

"ఈ వయసులో ఏముండాది రెడ్డెప్పా, పోనీ..."

"తిను చిన్నప్పా. తినకపోతే లేచి పోతా. మళ్ళా రాను."

చిన్నప్ప ఆయన ముఖంలోకి చూశాడు. జరిపిన పులిని వెనక్కి తెచ్చి, గింజ మీదుగా దూకించి, ఆ గింజను తీసి తన పక్కన పెట్టుకున్నాడు. "ఇంగ నీ మేకలు బతకవు" అన్నాడు. గొంతు పాతదే. "సూస్తాం" అన్నాడు జేజినాయన. పొద్దు గుంకేలోగా మూడు పులులనూ ఆ కొండ మూలలో, ఆ వంకర గీత దగ్గర, కదలకుండా కట్టేశాడు. చిన్నప్ప చాలాసేపు వెతికి, దావ లేదని ఒప్పుకుని, "ఎవరు నేర్పించినారు?" అని అడిగాడు. "ఒక ఆకలి పులి ఉండాది మా ఇంట్లో" అన్నాడు. వచ్చేటప్పుడు ఆయన బస్సులో కిటికీ పక్క కూర్చున్నాడు, కిటికీ తెరిచే ఉంచాడు.

ఆ తరవాత ప్రతి శనివారం పోయేవాడు. వారమంతా మిషనుతో, శనివారం మనిషితో. కాఫీ తప్ప వాళ్ళింట్లో ఇంకేమీ ముట్టలేదు, మా టిక్కెట్టు మేమే కొనుక్కున్నాం. కొన్నేళ్ళకు చిన్నప్ప పోయాడు, ఆ మరుసటేడు జేజినాయన, తరవాత జేజి. మునిరత్నం ఇప్పుడు కుప్పంలోనే కంప్యూటరు అంగడి పెట్టుకున్నాడు. ఏనుగులు ఇంకా దిగుతున్నాయట, వీడు ఇంకా డబ్బా వాయించడానికి పోతున్నాడట. మిషన్లు ఇప్పుడు ఎన్నో రకాలు వచ్చాయి. నా కూతురి ఫోనులో పులిమేక ఆట దానికదే వస్తుంది, పులులైనా మేకలైనా ఏది కావాలంటే అది ఎంచుకోమంటుంది. ఎంచుకోవడమనేది మా కాలంలో లేదు. ఎక్కడ కూర్చున్నామో దాన్ని బట్టి మనం ఎవరమో తేలేది. అది మంచిదని నేను వాదించను. మా వాళ్ళు ఆ కట్టుబాటుతో ఎంతో మందిని మేకలు చేశారు. కానీ అది తమ మీదికి వచ్చిన రోజు జేజినాయన దాన్ని మార్చమనలేదు. పడిపోయిన ఇళ్ళలో మర్యాద ఇంకా మిగిలి ఉందా అని ఎవరైనా అడిగితే నాకు ఆ ఒక్క సాయంత్రం చాలు.

నిన్న బండ వచ్చింది. టమోటా బాక్సులు మోసే బండిలో, గోనెపట్టాల నడుమ పెట్టుకుని సుబ్రమణ్యమే తెచ్చాడు. మదనపల్లెలో నేను కట్టుకున్న రెండు గదుల ఇంటి ముందర, ఇటుకలు పేర్చి దాని మీద పెట్టించాం. కడిగితే వంకర గీత తేలింది. నేను కాఫీ తెచ్చేసరికి అతను అడగకుండానే మెట్టు పక్కన కూర్చుని, జేబులోంచి చింతగింజలు తీసి పోస్తున్నాడు. పోయిన అరుగు గూట్లోంచి ఏరుకొచ్చిన ఎర్రరాళ్ళు మూడు నా వైపు పెట్టాడు.

"ఇంగ అరుగు మీది సార్."

కూర్చున్నాను. ఆ మూడు రాళ్ళు నా వైపు ఉండడం అదే మొదటిసారి. నాకు తెలిసిన ఆటంతా జేజినాయన పక్కన కూర్చుని ఆ మిషనులో నేర్చుకున్నదే, అంటే మేకలాటే. మా వంశంలో పులులను నడపడం రాని మొదటి మనిషిని నేను. సుబ్రమణ్యం అంగడిలో పెరిగిన మనిషి, గింజలను వాళ్ళ నాన్న లాగే టక్కుటక్కుమని పెట్టుకుంటూ పోయాడు. ఒకచోట అతని గింజ వెనక ఖాళీ పడింది. అతిథి కదా అని నేను పులిని పక్కకు జరిపాను.

సుబ్రమణ్యం గింజల మీది నుంచి చెయ్యి తీసేశాడు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, నా ముఖంలోకి చూసి, నవ్వకుండా అన్నాడు.

"తినండి సార్. తినకపోతే లేచి పోతా."